విహారనౌకలో సుఖమైన బాల్కనీ గది: ఎంపికకు సమగ్ర మార్గదర్శి

విహారనౌకలో బాల్కనీ గది కొనేవారిలో ఎక్కువమంది చూసేది ధర, ఫొటో. కానీ ఒకే ఓడలో, ఒకే పేరుతో, దాదాపు ఒకే ధరకు అమ్మే రెండు బాల్కనీలలో ఒకటి కాళ్ళు చాపుకుని గంటలకొద్దీ సముద్రం చూడగలిగే చోటు కావచ్చు, మరొకటి ఎదురుగాలికి తలుపు కూడా తెరవలేని ఇరుకు అర కావచ్చు. ఈ తేడా గది పేరులో కనబడదు. ఆ గదికి పై అంతస్తులో ఏముంది, కింది అంతస్తులో ఏముంది, పక్కన ఎవరుంటారు, ఓడ పొడవులో అది ఎక్కడ ఉంది అన్న విషయాలే దానిని నిర్ణయిస్తాయి. ఇవన్నీ ఓడ సంస్థలు తమ వెబ్‌సైట్లలో ఉచితంగా పెట్టే, అంతస్తులవారీ పటాలైన డెక్ ప్లాన్‌లలోనే కనబడతాయి. అందుచేత ధరల పట్టిక తెరవడానికి ముందే డెక్ ప్లాన్ తెరవండి.

మొదట తేల్చుకోవలసింది: ఈ ప్రయాణానికి బాల్కనీ అవసరమా?

కిటికీ లేని లోపలి గదికన్నా బాల్కనీ గదికి గణనీయంగా ఎక్కువ చెల్లించాలి. ఆ అదనపు మొత్తానికి తగిన సుఖం దక్కుతుందా అన్నది మూడు ప్రశ్నలతో తేలుతుంది. పగటి వేళ మీరు గదిలో ఉండే గంటలు ఎన్ని? ఆ గంటల్లో బయట చూడదగ్గది ఏముంటుంది? అక్కడి వాతావరణం మిమ్మల్ని బయట కూర్చోనిస్తుందా?

ఈ మూడు ప్రశ్నలకూ గట్టిగా నిలబడే ప్రయాణం అలాస్కాది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, వేసవిలో ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు చూపించదలచుకునే ప్రదేశాలలో ఇదొకటి. గ్లేసియర్ బే జాతీయ ఉద్యానంలోకి రోజుకు రెండుకు మించి విహారనౌకలను అనుమతించరు. లోపలికి వెళ్ళిన ఓడ రేవులో ఆగదు, ప్రయాణికులను దించదు, పగటిలో చాలా భాగం నీటి మీదనే మెల్లగా తిరుగుతుంది. మార్జరీ హిమానీనదం ఎదుటికి చేరాక రెండు వైపులవారికీ మంచుగోడ కనబడేలా కెప్టెన్ ఓడను నెమ్మదిగా తిప్పుతాడు. బయటి డెక్ మీద చలిగాలిలో, జనం మధ్యలో నిలబడలేని పెద్దవాళ్ళు శాలువా కప్పుకుని తమ బాల్కనీలోనే కూర్చుని, చలి వేసినప్పుడు రెండడుగులు వెనక్కి వేసి గదిలోకి రాగలరు. కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన నార్వే ఫియోర్డుల సంగతీ ఇంతే. ఇలాంటి చోట్ల బాల్కనీకి పెట్టే డబ్బు వృథా కాదు.

సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ వైపు వెళ్ళే మూడు నాలుగు రాత్రుల ప్రయాణాల్లో లెక్క మారుతుంది. మలక్కా జలసంధి చాలావరకు ప్రశాంతంగానే ఉంటుంది గానీ, భూమధ్యరేఖకు అంత దగ్గరలో మధ్యాహ్నపు ఉక్కపోత మన చెన్నై మే నెలను గుర్తుచేస్తుంది. అక్కడ బాల్కనీ తెల్లవారుజామున ఒక గంట, సూర్యాస్తమయం తర్వాత మరికొంతసేపు మాత్రమే పనికివస్తుంది. టెక్సస్‌లోని గాల్వెస్టన్ నుంచి మెక్సికో దీవి కోజుమెల్ వెళ్ళే వారం రోజుల ప్రయాణాల్లో పూర్తిగా సముద్రం మీదే గడిచే రోజులు ఉంటాయి కాబట్టి, వేడి ఉన్నా బాల్కనీ వాడుకోవడానికి సమయం దొరుకుతుంది.

మన తీరాల నుంచి నడిచే ప్రయాణాల సంగతి వేరు. కార్డీలియా సంస్థ ముంబై నుంచి గోవాకు, లక్షద్వీపానికి, 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు నడిపిన ఎంప్రెస్ ఓడ, 1990లో నార్డిక్ ఎంప్రెస్ అనే పేరుతో సేవలోకి వచ్చినది. ఆ కాలపు ఓడలను బాల్కనీల కోసం కట్టలేదు. గదుల్లో ఎక్కువ భాగం లోపలివి, లేదా కిటికీ ఉన్నవి. బాల్కనీ గదులు కొద్దిగానే ఉంటాయి, ఖరీదూ ఎక్కువే. రెండు రాత్రుల ప్రయాణంలో ఆ తేడా చెల్లించడం కన్నా, లోపలి గది తీసుకుని మరో రాత్రి ఎక్కువ ఉండే ప్రయాణాన్ని ఎంచుకోవడమే మేలని నా అభిప్రాయం.

బాల్కనీ పేరుతో అమ్మే రకాలు

బాల్కనీ అనే మాట కింద ఓడ సంస్థలు చాలా వేర్వేరు వస్తువులను అమ్ముతాయి. మామూలు బాల్కనీ అంటే గది చివర తలుపు, దాని అవతల కప్పు ఉన్న చిన్న వసారా, రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల. ఫ్రెంచ్ బాల్కనీలో అడుగు పెట్టేంత చోటు కూడా ఉండదు. తలుపు తెరిస్తే కటకటాలు వస్తాయి, నిలబడి గాలి పీల్చుకోవచ్చు, అంతే. ఐరోపా నదుల మీద తిరిగే ఓడల్లో ఇది ఎక్కువ. వర్చువల్ బాల్కనీ అనేది లోపలి గదిలో గోడంత తెర మీద బయటి దృశ్యాన్ని చూపించే ఏర్పాటు. దానిని లోపలి గదిగానే లెక్కించాలి.

రాయల్ కరీబియన్ సంస్థ 2009లో ఒయాసిస్ ఆఫ్ ది సీస్‌తో మొదలుపెట్టిన ఓడల తరగతిలో కొన్ని బాల్కనీలు సముద్రం వైపు కాకుండా ఓడ మధ్యలో ఉన్న తోట వైపు, లేదా బోర్డ్‌వాక్ అనే, దుకాణాలూ వినోదాలూ ఉన్న నడకదారి వైపు తెరుచుకుంటాయి. గాలి బెడద లేదు, ధర కొంత తక్కువ, తోటవైపు గదుల్లో పచ్చదనం కూడా బాగుంటుంది. కానీ ఎదురుగా మరో వరుస బాల్కనీలుంటాయి, కింద జనం తిరుగుతుంటారు, బోర్డ్‌వాక్ వైపు రాత్రి ప్రదర్శనల హోరు వినబడుతుంది. సముద్రం చూడాలని వెళ్ళేవారు ఇది తెలియక బుక్ చేసుకుంటే నిరాశ తప్పదు. కాబట్టి గది పేరులో సముద్రాన్ని సూచించే మాట ఉందో లేదో ముందే చూసుకోవాలి.

సెలబ్రిటీ ఎడ్జ్ ఓడ 2018లో తెచ్చిన ఇన్ఫినిట్ వెరాండాలో విడి బాల్కనీ లేదు. గది చివర గోడంతా అద్దమే, మీట నొక్కితే దాని పై సగం కిందికి దిగుతుంది. గది విశాలంగా అనిపిస్తుంది, వానలోనూ ఆ చోటు వాడుకోవచ్చు. అయితే అద్దం దించినంతసేపు ఏసీ ఆగిపోతుంది, గాలి ఉద్ధృతంగా ఉన్నప్పుడు దానిని తెరిచే వీలు లేకుండా ఓడ సిబ్బంది ఆపివేయగలరు. గదికీ ఆ చోటికీ మధ్య మడత తలుపులు ఉంటాయి కాబట్టి, ఒకరు నిద్రపోతుండగా మరొకరు అక్కడ కూర్చోవచ్చు.

కార్నివాల్ సంస్థ కొన్ని ఓడల్లో కోవ్ బాల్కనీ అనేదాన్ని అమ్ముతుంది. ఇది నీటికి చాలా దగ్గరగా, ఓడ ఉక్కు గోడలోనే తెరచిన గవాక్షం లాంటిది. గాలి తక్కువ, నీడ ఎక్కువ, అలల చప్పుడు చెవి పక్కనే వినబడుతుంది. కానీ కటకటాల చోట ఉక్కు గోడ ఉంటుంది కాబట్టి కూర్చున్నవారికి నీళ్ళకన్నా ఆకాశమే ఎక్కువ కనబడుతుంది. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే సిబ్బంది దానిని మూసివేస్తారు.

కొలతలు చదవడం

గది విస్తీర్ణం, బాల్కనీ విస్తీర్ణం విడివిడిగా ఇచ్చారా, కలిపి ఇచ్చారా అన్నది ముందు చూడాలి. చాలా ఓడల్లో మామూలు బాల్కనీ 35 నుంచి 60 చదరపు అడుగుల మధ్య ఉంటుంది. విస్తీర్ణం కన్నా లోతు ముఖ్యం. తలుపు నుంచి కటకటాల వరకు నాలుగడుగులే ఉంటే కుర్చీ వేసుకున్నాక కాళ్ళు చాపడానికి చోటుండదు, ఒకరు లేస్తే తప్ప మరొకరు దాటలేరు. అయిదున్నర, ఆరు అడుగులుంటే కాళ్ళు పెట్టుకునే పీట కూడా పడుతుంది. వాలుకుర్చీలో పడుకోవాలనుకునేవారికి అంతకన్నా ఎక్కువ లోతు కావాలి. సూట్లు, ఓడ వెనుక కొసన ఉండే గదులు, లేదా ఓడ గోడ వంపు తిరిగే మూలల్లోని గదులు మాత్రమే సాధారణంగా దానిని ఇస్తాయి.

కటకటాలు అద్దంతో ఉన్నాయా, ఉక్కు రేకుతో ఉన్నాయా అన్నది రెండో విషయం. అద్దమైతే కూర్చున్నప్పుడూ, మంచం మీద పడుకున్నప్పుడూ నీళ్ళు కనబడతాయి. అమెరికాలో 2010లో వచ్చిన విహారనౌకల భద్రతా చట్టం కటకటాల ఎత్తు కనీసం 42 అంగుళాలు ఉండాలని చెబుతుంది. అంత ఎత్తున ఉక్కు రేకు ఉంటే కుర్చీలో కూర్చున్న మనిషి కళ్ళకు నేరుగా అదే అడ్డం. చాలా ఓడల్లో ముందు భాగంలోని కింది అంతస్తుల బాల్కనీలకు ఇలాంటి రేకు ఉంటుంది. డెక్ ప్లాన్‌లో దీనికి గుర్తు ఉండకపోవచ్చు. రేవులో నిలిచిన ఆ ఓడను పక్కనుంచి తీసిన ఒక మంచి ఫొటోను పెద్దది చేసి చూస్తే, ఏ వరుసకు అద్దం, ఏ వరుసకు ఉక్కు, ఎక్కడ లైఫ్‌బోట్లు వేలాడుతున్నాయి అన్నవన్నీ ఒక్కసారిగా తెలిసిపోతాయి. బుకింగ్ ఏజెంటును పదిసార్లు అడగడం కన్నా ఈ పద్ధతి నమ్మదగినది.

కప్పు విషయం కూడా అప్పుడే తేలుతుంది. కొన్ని ఓడల్లో బాల్కనీలను మెట్లలాగా, కింది వరుస పై వరుసకన్నా ముందుకు వచ్చేలా కట్టారు. ప్రిన్సెస్ సంస్థ పాత ఓడల్లో ఈ అమరిక స్పష్టంగా కనబడుతుంది. ముందుకు వచ్చిన బాల్కనీ పెద్దదే, కానీ పూర్తిగానో సగమో కప్పు లేనిది, పై అంతస్తులవారు తొంగి చూస్తే అంతా కనబడుతుంది. ఉష్ణమండలంలో బొత్తిగా నీడ లేని బాల్కనీ ఎంత పెద్దదైనా మధ్యాహ్నం పనికిరాదు. అక్కడ సగం కప్పు ఉన్న వరుసే నా దృష్టిలో ఉత్తమం.

ఓడ పొడవులో చోటు: కదలిక, గాలి, చప్పుడు

ఓడ ముందుకూ వెనుకకూ ఊగేటప్పుడు రెండు కొసలు ఎక్కువ లేచి పడతాయి, మధ్యభాగం తక్కువ కదులుతుంది. పక్కలకు ఒరిగేటప్పుడు పై అంతస్తులు ఎక్కువ దూరం ఊగుతాయి. పక్కలకు ఒరగడాన్ని తగ్గించడానికి ఓడల అడుగున రెక్కల వంటి స్టెబిలైజర్లు ఉంటాయి గానీ, ముందు వెనుకల ఊపు మీద వాటి ప్రభావం స్వల్పం. అందుచేత కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు మధ్యభాగంలో, బాల్కనీలు మొదలయ్యే కింది అంతస్తుల్లో గది తీసుకోవాలి. సియాటిల్ నుంచి బయలుదేరే అలాస్కా ఓడల్లో చాలా వాటి దారి వాంకూవర్ దీవికి పడమటగా విశాలమైన పసిఫిక్ మీదుగా సాగుతుంది. వాంకూవర్ నుంచి బయలుదేరేవి దీవుల మధ్య ఉండే లోపలి జలమార్గంలో వెళతాయి. తల్లిదండ్రులకు సముద్రపు ఊపు పడదని తెలిస్తే గదిని మార్చడం కన్నా ఓడ బయలుదేరే రేవును మార్చడం ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక గాలి. ఓడ 20 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 37 కిలోమీటర్ల వేగంతో వెళుతుండగా 15 నాట్ల ఎదురుగాలి వీస్తే, బాల్కనీలో నిలబడ్డవారికి తగిలేది గంటకు 65 కిలోమీటర్ల గాలి. దాని తాకిడి ముందు భాగంలోనే ఎక్కువ. ఓడ ముందు కొసన నేరుగా ఎదుటికి తెరుచుకునే బాల్కనీలు ఫొటోల్లో అద్భుతంగా ఉంటాయి, ప్రయాణం సాగుతుండగా వాటిలో కూర్చోవడం అరుదు. పైగా ఓడ నడిపే బ్రిడ్జికి ఇబ్బంది కలగకుండా రాత్రివేళ ఆ గదులవారు తెరలు వేసుకోవాలని, బాల్కనీ దీపం వెలిగించకూడదని సిబ్బంది కోరతారు. కింది అంతస్తుల్లో ముందువైపున్న గదులకు తెల్లవారుజామున రేవు చేరేటప్పుడు ఓడ ముందు కొసను పక్కకు నెట్టే బో థ్రస్టర్ల హోరు, లంగరు గొలుసు చప్పుడు కూడా చేరతాయి.

వెనుక కొసన ఉన్న బాల్కనీలను ఇష్టపడేవారు మరొకదాన్ని అంగీకరించరు. ఓడ వెనక నీటి మీద మిగిలిపోయే తెల్లటి దారిని చూస్తూ కూర్చోవచ్చు, గాలి తక్కువ, బాల్కనీ పెద్దది, రెండు తీరాలూ కనబడతాయి. దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. ఓడ నెమ్మదించేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు అదురు తెలుస్తుంది, గాలి దిశను బట్టి పొగగొట్టపు మసి పడుతుంది, లిఫ్టు నుంచి నడక దూరం పెరుగుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలతో వెళ్ళేవారికి ఈ చివరి అంశమే నిర్ణయాత్మకం. మూడు వందల మీటర్లకు పైబడిన ఓడల్లో, భోజనశాల ఒక కొసన, నాటకశాల మరో కొసన ఉంటే, రోజుకు నాలుగైదు సార్లు గదుల ముందున్న ఆ నడవా అంతా నడవాలి.

పై అంతస్తు, కింది అంతస్తు

నచ్చిన గది దొరికాక దాని పై డెక్ ప్లాన్‌ను, కింది డెక్ ప్లాన్‌ను తెరిచి, అదే చోట ఏముందో చూడాలి. పైనా, కిందా కూడా గదులే ఉంటే నిశ్చింత. పైన ఈతకొలను డెక్ ఉంటే తెల్లవారకముందే కుర్చీలు లాగే చప్పుడు నెత్తి మీద వినబడుతుంది. వంటశాల ఉంటే అర్ధరాత్రి దాకా బండ్ల చక్రాలు దొర్లుతాయి. కింద నాటకశాలో, నైట్‌క్లబ్బో ఉంటే డ్రమ్ముల దెబ్బలు మంచానికి తగులుతాయి. ప్లాన్‌లో పేరు లేకుండా ఖాళీగా వదిలిన తెల్లని చోట్లను అనుమానంగానే చూడాలి, అవి సాధారణంగా సిబ్బంది పనిచేసే చోట్లు.

బాల్కనీకి నేరుగా కింద లైఫ్‌బోట్లు ఉన్న వరుసలో కిందికి చూస్తే నీళ్ళకు బదులు నారింజ రంగు పడవల కప్పులు కనబడతాయి. దృశ్యానికి అడ్డు ఉందని ఓడ సంస్థలే గుర్తుపెట్టి తక్కువ ధరకు అమ్మే గదులు ఇలాంటివే. ఓడ రేవు గట్టుకు చేరలేని చోట ఆ పడవలనే దించి ప్రయాణికులను ఒడ్డుకు చేరుస్తారు కాబట్టి, ఆ రోజుల్లో పొద్దున్నే యంత్రాల చప్పుడుకు లేవవలసి వస్తుంది. దూరపు దృశ్యం చాలనుకునేవారికి మాత్రం, రెండు అంతస్తుల కింద పడవలున్న గది తక్కువ ధరకు దొరికితే అది మంచి బేరమే.

ఎడమ వైపా, కుడి వైపా

ఓడ ముందుకు చూసి నిలబడితే ఎడమవైపు పోర్టు, కుడివైపు స్టార్‌బోర్డు. బయలుదేరిన రేవుకే తిరిగివచ్చే ప్రయాణంలో వెళ్ళేటప్పుడు ఒక వైపుకు దక్కింది, వచ్చేటప్పుడు రెండో వైపుకు దక్కుతుంది కాబట్టి ఎక్కువ ఆలోచించనక్కరలేదు. ఒక రేవు నుంచి మరో రేవుకు వెళ్ళి ముగిసే ప్రయాణాల్లోనే ఇది లెక్కకు వస్తుంది. వాంకూవర్ నుంచి ఉత్తరంగా అలాస్కా రేవులైన విట్టియర్‌కో, సీవార్డ్‌కో వెళ్ళే ఓడలో ప్రధాన భూభాగం కుడివైపు ఉంటుంది, తిరుగు దిశలో నడిచే ఓడలో ఎడమవైపు. ముంబై నుంచి దక్షిణంగా కొచ్చి వెళ్ళి అక్కడే దిగేవారికి తీరం ఎడమవైపు, అరేబియా సముద్రంలో సూర్యాస్తమయం కుడివైపు. సాయంత్రపు ఎండ కూడా ఆ కుడివైపే పడుతుందని మరచిపోకూడదు. గది సంఖ్య సరి అయితే ఒక వైపు, బేసి అయితే మరో వైపు అన్న నియమం ఓడ ఓడకూ మారుతుంది కాబట్టి, ప్లాన్‌లో ఓడ ముందు కొస ఎటు ఉందో చూసి నిర్ధారించుకోవాలి.

కుటుంబంతో వెళ్ళేవారికి

తల్లిదండ్రులకు ఒక గది, మీకు ఒక గది తీసుకుంటే, పక్కపక్క బాల్కనీల మధ్య అడ్డుపలకను తెరిచే వీలుందా అని బుకింగ్ సమయంలోనే అడగండి. చాలా ఓడల్లో గది సేవకుడు తాళంతో దానిని తెరిచి రెండు బాల్కనీలనూ ఒకటి చేస్తాడు. అయితే ఓడ నిర్మాణంలో భాగంగా స్థిరంగా ఉండే పలకలు ప్రతి కొన్ని గదులకూ ఒకటి ఉంటుంది, అది మీ రెండు గదుల మధ్యే పడితే ఏమీ చేయలేరు. గదుల మధ్య లోపలి తలుపు ఉండే కనెక్టింగ్ గదులు మీకు అవసరమైతే తప్ప తీసుకోకండి. ఆ తలుపు పలుచన, పక్కవాళ్ళ మాటలన్నీ వినబడతాయి. ప్లాన్‌లో రెండు గదుల మధ్య చిన్న బాణమో, త్రికోణమో ఉంటే అది ఈ తలుపుకు గుర్తు.

బాల్కనీ తలుపు వద్ద గడప ఎత్తుగా ఉండవచ్చు. చక్రాల కుర్చీ వాడేవారికి గడప సమతలంగా ఉండే ప్రత్యేక గదులుంటాయి గానీ కొద్దిగానే కాబట్టి ముందుగా అడగాలి. చిన్నపిల్లలుంటే తలుపు గడియ ఎంత ఎత్తున ఉందో చూడండి, కుర్చీలను, బల్లను కటకటాలకు దూరంగా పెట్టండి. మూడో, నాలుగో మనిషి కోసం సోఫాను మంచంగా విప్పితే కొన్ని గదుల్లో బాల్కనీకి దారే మూసుకుపోతుంది. నలుగురు ఒకే గదిలో సర్దుకోవాలనుకునేవారు గది నమూనా చిత్రంలో ఈ ఒక్క సంగతి తప్పక పరిశీలించాలి.

బుక్ చేసేటప్పుడు

గ్యారంటీ గది అని తక్కువ ధరకు అమ్మేదానిలో రకం మాత్రమే మీది, చోటు ఓడ సంస్థ నిర్ణయిస్తుంది. పైన చెప్పిన జాగ్రత్తలన్నీ అక్కడ చెల్లవు. నిద్ర పలుచన అయినవారు, కడుపులో తిప్పేవారు దాని జోలికి పోకుండా గది సంఖ్యను ఎంచుకునే ధరనే చెల్లించడం మంచిది. శ్రమపడి ఎంచుకున్న గదిని ఓడ సంస్థ ఉచిత ఉన్నతీకరణ పేరుతో మార్చివేసే అవకాశం కూడా ఉంది. కొత్త గది పై తరగతిదే కావచ్చు, ఈతకొలను కిందే ఉండవచ్చు. అందువల్ల తమ అనుమతి లేకుండా గదిని మార్చవద్దని బుకింగ్‌లో నమోదు చేయించుకోవాలి. వేలం పద్ధతిలో వచ్చే అప్‌గ్రేడ్ ఆఫర్లకు డబ్బు పెట్టేముందు ఇదే మాట గుర్తుంచుకోండి.

పొగతాగడం గురించిన నియమం కూడా చదవండి. 2006 మార్చి 23న జమైకా వైపు వెళుతున్న స్టార్ ప్రిన్సెస్ ఓడలో బాల్కనీల మీద మంటలు చెలరేగి, ఒక బాల్కనీ నుంచి మరోదానికి వేగంగా పాకి, ఒక ప్రయాణికుడు మరణించాడు. ఆర్పకుండా పారేసిన సిగరెట్టు ముక్కే కారణమై ఉంటుందని దర్యాప్తు భావించింది. ఆ తర్వాత బాల్కనీల సామగ్రికి, వాటిపై మంటలార్పే ఏర్పాట్లకు అంతర్జాతీయ నియమాలు కఠినమయ్యాయి, పెద్ద సంస్థల్లో చాలా వరకు బాల్కనీలో పొగతాగడాన్ని నిషేధించాయి. ఇంకా అనుమతించే ఓడ అయితే పక్క బాల్కనీ పొగ మీదికే వస్తుంది. కటకటాల మీద తడి బట్టలు ఆరవేయడం, దీపం, అగరుబత్తి వెలిగించడం కూడా ఓడల్లో కుదరవు. ప్రయాణంలో పండుగ వచ్చినా గదిలో దీపారాధనకు బ్యాటరీ దీపమే గతి.

ఓడ ఎక్కిన మొదటి గంటలో

గదిలోకి వెళ్ళగానే బాల్కనీ తలుపు తెరిచి మూసి చూడండి, గడియ సరిగా పడుతుందా, ఈలవేసే సందు ఉందా గమనించండి. బాల్కనీ తలుపు, గది ముఖద్వారం ఒకేసారి తెరిస్తే గాలి ఒరవడికి రెండోది భయంకరంగా కొట్టుకుంటుంది, వేళ్ళు నలిగే ప్రమాదం ఉంది. ఈ సంగతి పిల్లలకూ పెద్దలకూ అప్పుడే చెప్పాలి. బాల్కనీ తలుపు తెరిచి ఉంచితే చాలా గదుల్లో ఏసీ దానంతట అదే ఆగుతుంది, తేమ గాలి లోపలికి వచ్చి అద్దాలు, నేల తడిసిపోతాయి. కుర్చీ విరిగి ఉన్నా, అడ్డుపలక తెరిపించాలన్నా గది సేవకుడికి ఓడ బయలుదేరక ముందే చెప్పండి. గదిలో నిజమైన లోపం ఉంటే రిసెప్షన్‌కు వెళ్ళవలసిందీ అప్పుడే, ఎందుకంటే రానివారి గదులు ఏవైనా ఖాళీగా మిగిలి ఉంటే వాటిని మొదట అడిగినవారికి ఇస్తారు.